విగ్రహములును ఫిరంగులును

పెన్నానది ఎర్రమల కొండలను నిలువున కోసికొని పారు చోట, లోయ అంచున నిలిచియున్న మన గండికోటను గూర్చి ఒక పాత వృత్తాంతము కలదు. 1652లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా ఈ దుర్గమును వశపరచుకొనెను. అదే సంవత్సరమున ఇచ్చటికి వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే తాను కన్నదియు విన్నదియు తన యాత్రాగ్రంథమున వ్రాసిపెట్టినాడు. సేనానికి ఫిరంగులు కావలసివచ్చెను. పోతపని నెరిగిన ఫ్రెంచివాడొకడు ఆయన కొలువున నుండెను. లోహమునకై దేవాలయములలోని విగ్రహములను తెప్పించి మూసలలో వేయించిరి. తక్కినవి కరగెను గాని, గండికోట కోవెలలోని ఆరు విగ్రహములు మాత్రము ఎంత ద్రవ్యము వెచ్చించినను కరగలేదట! తుదకు పనికివచ్చు ఫిరంగి ఒక్కటియైనను ఆ పోతశాలనుండి వెలువడలేదు.

ఈ కథ నాకు మొన్న ఒక గ్రంథాలయమున జ్ఞప్తికి వచ్చినది. గండికోటకు దాపుననున్న ఒక గ్రామమున మేము కొందరము గ్రంథాలయోద్యమ సేవకులము పాత పుస్తకములకు అట్టలు వేసి, పట్టిక సరిచేయుచుంటిమి. చేతులు మారి మారి అంచులరిగిపోయిన పుస్తకములను ఒక ప్రక్క పేర్చగా, వానిలో సగమునకు పైగా రష్యాదేశమునుండి తెలుగున అచ్చయి వచ్చినవే. అక్కడి ఉపాధ్యాయుడొకడు నన్ను చూచి, "వకీలుగారూ, యుద్ధము చేయుచున్నవారి పుస్తకములు గదా, వీనిని ఉంచవలెనా, తీసివేయవలెనా?" అని యడిగెను. నేను నోరు తెరచులోపలనే వేరొక పెద్దమనిషి, "రష్యా మనకు ఆపద్బాంధవి. ఆ దేశమును ఒక్క మాట అనుటకు మనకు నోరెట్లు వచ్చును?" అని కసరెను. ఇద్దరును సజ్జనులే. ఇద్దరును పొరబడుచున్నారని నా నమ్మకము. పుస్తకమును చూచి రాజ్యమును మన్నింపవలెనని ఒకరు, రాజ్యమును చూచి పుస్తకమును వెలివేయవలెనని మరియొకరు. విగ్రహమునకును ఫిరంగికిని భేదము లేదనుటలో మాత్రము ఇరువురిదియు ఒకే మాట.

ఈ భేదమును తెలిసికొనుటకు, రష్యాదేశపు కథలు మన యింటికి ఏ త్రోవన వచ్చినవో మొదట విచారింపవలెను. అవి వచ్చిన త్రోవలు రెండు.

మొదటి త్రోవ మనము వెదకికొని పోయినది. 1908లో టాల్‌స్టాయి ఒక భారతీయునకు వ్రాసిన లేఖను గాంధీమహాత్ముడు మరుసటి సంవత్సరమున గుజరాతీలోనికి అనువదించెను. 1910లో దక్షిణాఫ్రికాలో నెలకొల్పిన సత్యాగ్రహుల క్షేత్రమునకు టాల్‌స్టాయి పేరే పెట్టెను. ఆ టాల్‌స్టాయి తన ప్రభుత్వమునకు ప్రియుడు కాడు. ఆయన గ్రంథములను జారు చక్రవర్తి అధికారులు నిషేధించిరి. 1901లో క్రైస్తవ మఠాధికారులు ఆయనను వెలివేసిరి. అట్లే గోర్కీ రచించిన 'అమ్మ' నవలను తెనిగించినవాడు క్రొవ్విడి లింగరాజుగారు. ఆయన స్వాతంత్ర్యసమరమున పాల్గొన్న దేశభక్తుడు. ఏ రాయబారకార్యాలయమును ఆ పని ఆయనకు అప్పగింపలేదు. దాస్యమున నున్న జాతి తన దుఃఖమునకు పోలిక వెదకికొనుచు పోగా పోగా అచ్చట దొరకిన గ్రంథమది. ఇట్లు వచ్చినదానికి మనము ఏ రాజునకును ఋణపడలేదు.

రెండవ త్రోవ వారు మనకొరకు వేసినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయమును, 1982 తరువాత రాదుగ ప్రచురణాలయమును, తెలుగున పుస్తకములచ్చువేసి పంపినవి. దిట్టమైన కాగితము, వన్నెవన్నెల బొమ్మలు, కూలివాని బిడ్డయైనను కొనుక్కొనదగిన వెల. విశాలాంధ్ర వారి దుకాణములు వానిని ఊరూర చేర్చినవి. ఆ పనికి మన తెలుగువారే మాస్కోకు పోయి కాపురముండిరి. ఉప్పల లక్ష్మణరావుగారు అట్లు పోయినవారిలో నొకరు. మన కడపజిల్లా పైడిపాలెమున పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు మరియొకరు. 'రా.రా.' అని లోకము పిలిచిన ఈ నిర్దయ విమర్శకుడు 'సంవేదన' పత్రికను నడిపి, 1970 ప్రాంతమున మాస్కోకు వెడలి, కొన్ని సంవత్సరములు అనువాదవృత్తిలో నుండి తిరిగివచ్చెను. ఆ అనుభవమంతయు పిండి వ్రాసిన 'అనువాద సమస్యలు' అను గ్రంథమునకు 1988లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చునప్పటికి ఆయన దివంగతుడయ్యెను. ఒకచోట పలుకు ఎట్లుండునో, మరియొకచోట ఆ పలుకు ఎట్లు బెడిసికొట్టునో తెలిపిన ఆ చిన్నపుస్తకము, మాస్కో మనకిచ్చిన నిజమైన లాభములలో నొకటి యని నేనందును.

మంచు మొగము చూడని ఈ కరవుసీమలో, బెస్తవారి వలయు, ఎలుగుబంటి గుహయు, మంచుబండియు, పిల్లల కలలలోనికి వచ్చుట సామాన్యవిషయమా? పెరెల్మాన్ వినోదభౌతికశాస్త్రమును చదివి లెక్కలయందు రుచి పుట్టినవారు మన జిల్లాలలో నేటికిని కలరు. 1942లో జర్మనీ సేనలు ముట్టడించిన లెనిన్‌గ్రాడు నగరమున ఆకలికి ప్రాణములు విడిచిన ఆ శాస్త్రరచయితకు చేతులెత్తి నమస్కరింతము. కృతఘ్నత దేశభక్తి కాదు.

అయిన నొక్క ప్రశ్న. ఇంత వెచ్చించి, ఇంత తక్కువ వెలకు, ఇంత దూరము ఆ రాజ్యము ఎందులకు పంపెను? ధర్మబుద్ధి యొక్కటే కారణమనుట పసితనము. ఆ కాలమున రెండు మహారాజ్యములు లోకమును పంచుకొనుటకై పోటీపడుచుండెను. రెండవ పక్షమువారును ఊరకుండలేదు. అమెరికా గూఢచారిశాఖ సాంస్కృతిక స్వాతంత్ర్యమను పేర నడచిన ఒక సమితికి చాటుగా ధనమిచ్చుచుండినట్లు 1967 నాటికి బట్టబయలయ్యెను. ఆ సమితి ధనముతో మన దేశమునను పత్రికలు నడచినవి. కాబట్టి ఒకరి కథలు విషము, ఒకరి కథలు అమృతము అనునది నా వాదము కాదు. వచ్చిన కానుకతోడ పంపని కానుకను గూడ లెక్కింపవలెననునదే నా వాదము.

ఏమి పంపలేదు? 1958లో పాస్తర్నాక్ మహాకవికి నోబెల్ బహుమానము వచ్చినప్పుడు, దానిని తిరస్కరింపుమని ఆయన మెడమీద కత్తి పెట్టిరి. ఆయన నవల అప్పటికి స్వదేశమున అచ్చుకాలేదు. వైసోట్‌స్కీ యను నటగాయకుడుండెను. రష్యాలో వాని పాట వినని కార్మికుడు లేడందురు. కాని ప్రభుత్వపు గ్రామఫోను కంపెనీ ఆయన పాటలలో లెక్కకు కొన్నిటినే విడుదల చేసినది. తక్కినవన్నియు జనులే టేపులపై ఎక్కించుకొని, ఒకరి యింటినుండి ఒకరి యింటికి పంచుకొనిరి. 1980 జూలైలో, మాస్కోలో ఒలింపిక్ క్రీడలు జరుగుచుండగా ఆయన మరణించెను. వార్త పత్రికలలో మూలనెక్కడనో చిన్నదిగా పడినను, వేలకొలది జనులు ఆయన పనిచేసిన నాటకశాల ముంగిట గుమిగూడిరి. అది గదా ప్రజల సంస్కృతి! మాస్కోనుండి మనకు ఎరువుబస్తాలవలె వచ్చి చేరిన పుస్తకములలో ఆ పాటకు చోటు లేకపోయెను. మనము రష్యా యని చదివినది రష్యా రాజ్యము అనుమతించిన రష్యా మాత్రమే.

ఈ మాట అనుటకు మనకు అధికారము కలదు. ఏలయన కళను రాజకీయమునకు తూచి యిచ్చిన అనుభవము మన నేలపైనను జరిగినది. 1942 జూలైలో దొరతనమువారు కమ్యూనిస్టు పార్టీపై నిషేధమును తొలగించిరి. ఆగస్టులో మన నాయకులు చెరసాలలకు పోయిరి. ఆ దినములలోనే జంగము కథనుండి రూపుదిద్దుకొన్న బుర్రకథ, జర్మనులు ఉరితీసిన సోవియట్ వీరవనిత టాన్యా గాథను ఆంధ్రగ్రామములలో పాడెను. ఆ బాలిక వీరత్వము నిస్సందేహము. ఆ కథకుల నైపుణ్యమును అద్భుతము. బుర్రకథ బ్రదికినది వారి చలవయే. అయినను మన పల్లెబిడ్డలు తుపాకి గుండ్లకు నేలగూలుచున్న ఆ దినమున, పరదేశపు వీరగాథకు వేదిక దొరకుటయు స్వదేశపు వీరగాథకు కారాగారము దొరకుటయు, దొరతనమువారి లెక్కలోని విశేషము కాదా? పాట పాడినవాని తప్పు కాదది. పాటను ఎవరు ఎందుకు పాడనిచ్చినారో చూడుడనునదే నా విన్నపము.

1991 డిసెంబరులో ఆ మహారాజ్యము అంతరించెను. దానితో తెలుగు పుస్తకముల రాకయు ఆగిపోయెను. కథ మనదై యుండినచో ఆగునా? కథ ప్రజలది, కానుక రాజ్యానిది. రాజ్యము పోవగనే కానుక పోయినది. ఆ దినమున మనము నేర్చుకొనవలసిన పాఠమును ఇప్పటికిని నేర్చుకొనలేదు.

ఇక నేటి స్థితిని గమనింపుడు. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు యుక్రేనుదేశముపై దండెత్తినవి. దండయాత్రతోడనే రష్యాలోని పాటయు, ఆటయు, బొమ్మయు రెండుగా చీలినవి. అలవాటైన గొంతులలో పెక్కు మూగబోయినవి, లేక పరదేశముల పాలైనవి. పుగచోవా యను సుప్రసిద్ధగాయని 2022 సెప్టెంబరులో, తన భర్తను 'విదేశీ గూఢప్రతినిధి' జాబితాలో చేర్చితిరి గాన నన్నును చేర్చుడని అధికారులనే అడిగెను. గ్రెబెన్‌షికోవ్ వంటి గాయకులను ఆ జాబితా దిగమ్రింగెను. అదే వేళ దేశాభిమానపు కేకలకు పెద్దవేదికలు దొరకినవి. 2023 జనవరిలో విడుదలయిన 'చెబురాష్కా' చిత్రము 600 కోట్ల రూబుళ్లకు పైగా ఆర్జించెను. 1966లో ఉస్పెన్‌స్కీ యను రచయిత సృష్టించిన పెద్దచెవుల బొమ్మ అది. ఇంటిలోని నిస్పృహకు చిన్నప్పటి బొమ్మను హత్తుకొనుట జనుల సహజలక్షణము. దానిని నేను నిందింపను. కాని బొమ్మను కౌగిలించుకొన్న దేశమే, దాని ప్రక్కనే ఒక నాటకమును చెరలో వేసినది.

ఆ నాటకమును గూర్చి, న్యాయస్థానపు మెట్లెక్కి దిగువాడను గనుక, కొంచెము వివరముగా చెప్పుదును. 'ఫినిస్తుడను ప్రకాశమాన శ్యేనుడు' అని రష్యా పల్లెవాండ్ర జానపదకథ యొకటి కలదు. డేగరూపమున వచ్చు ప్రియునికై ఒక కన్య ఇనుపచెప్పులరుగునట్లు దేశములు తిరుగును. ఈ కథాపేరును గ్రహించి పెత్రిచుక్ అను స్త్రీ నాటకము వ్రాయగా, బెర్కోవిచ్ అను స్త్రీ దానిని ప్రదర్శించెను. తీవ్రవాదులను అంతర్జాలమున ప్రేమించి మోసపోయిన యువతుల వృత్తాంతమది. 2022లో దానికి దేశములోని పెద్ద నాటకపురస్కారము లభించెను. 2024 జూలైలో అదే నాటకమునకు, 'తీవ్రవాదమును సమర్థించిరి' అను నేరముపై, సైనికన్యాయస్థానము ఇద్దరు స్త్రీలకును ఆరేండ్ల చొప్పున కారాగారశిక్ష విధించినది. పురస్కారమిచ్చిన నాటకమునకే శిక్ష! మన కర్నూలు ముద్దుబిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో 'స్వరాజ్య' వారపత్రికలోని వ్యాసమునకు రాజద్రోహనేరముపై చెరసాల చూచినవాడు. ఆయన పేరు తలచుకొని తెలుగుపత్రిక వ్రాయువాడెవ్వడును ఈ రెండు తీర్పులలోని పోలికను చూడక తల త్రిప్పుకొనరాదు.

ఇచ్చట రెండవ ప్రక్కను గూడ చూడవలసియున్నది. 2022 మార్చిలో అమెరికా చిత్రసంస్థలు తమ చిత్రములను రష్యాకు పంపుట మానినవి. ఖాళీయైన ఆ తెరలపైకి, అదే ఏడు డిసెంబరులో, రష్యాభాషలో మాటాడుచు మన 'పుష్ప' ప్రవేశించెను. శేషాచలమున ఎర్రచందనము దొంగిలించువాని కథ అది. ఆ చెట్టు మన కడప, చిత్తూరు ప్రాంతముల కొండలందు తప్ప భూమిమీద మరియెక్కడను సహజముగా పెరుగుట అరుదు. వింత కాదా? మాస్కో పిల్లల కథలు కడపకు వచ్చినవి, కడప కొండల దొంగకథ మాస్కోకు పోయినది. మన వ్యాపారమును మనము చేసికొనుట తప్పు కాదు. కాని తెరలు ఎందులకు ఖాళీయైనవో ప్రేక్షకుడు తెలిసికొనియుండుట మంచిది. మనవారి కథ ఒక రాజ్యపు లోటును పూడ్చు పనిముట్టు కావచ్చును. కళకు ఈ అపాయము ఎల్లప్పుడును ఉన్నదే.

రెండవది మరింత హృదయవిదారకము. రాజమౌళి తీసిన 'ఆర్ఆర్ఆర్' చిత్రమునందలి 'నాటు నాటు' పాటను 2021 ఆగస్టులో కీవు నగరమునందలి మారియిన్‌స్కీ రాజభవనము ముంగిట చిత్రించిరి. చిత్రమున అది తెల్లదొరల భవనముగా కానవచ్చును; నిజమునకు అది యుక్రేను దేశాధ్యక్షుని భవనము. ఆ పాటకు 2023 మార్చిలో ఆస్కార్ బహుమానము వచ్చునప్పటికి ఆ నగరముపై క్షిపణులు పడుచునే యుండెను. ప్రపంచమంతయు ఆ పాటకు చప్పట్లు కొట్టినది. వెనుక నిలిచిన ఆ మేడ యెవరిదని మన తెలుగువారిలో ఎందరు అడిగిరి?

అడుగకపోవుటకు కారణమును పెద్దగా వెదుకనక్కరలేదు. 'రష్యా' యను ఒక్క పేరు మనకు నేర్పిన సోమరితనమది. మాస్కో అచ్చువేసినదంతయు రష్యాదని యనుకొంటిమి. 'తొలి ఉపాధ్యాయుడు' అను నవలిక తెలుగున ఎందరో కన్నీరు పెట్టించినది గదా. దానిని వ్రాసిన ఐత్మాతోవ్ కిర్గిజు జాతివాడు. గోగోల్ మహాశయుడు యుక్రేనున జన్మించి, అచ్చటి పల్లెరేయి కథలను రష్యాభాషలో వ్రాసినవాడు. యుక్రేనుల మహాకవి షెవ్‌చెంకో దాస్యములో జన్మించి, 1847లో జారు ఆజ్ఞచే దూరప్రాంతమునకు పంపబడెను. వ్రాయరాదు, బొమ్మ గీయరాదు అని శాసనము. 1863లో ఒక ఉత్తర్వున, 1876లో మరియొక ఉత్తర్వున యుక్రేను భాషలో పుస్తకములు అచ్చువేయుటను జారు ప్రభుత్వము నిర్బంధించెను. అట్టి భాష కలదను సంగతియే మన పట్టికలో లేకపోయెను.

పేరు మ్రింగివేయబడినవాని బాధ మనకన్న ఎవరికి తెలియును? 1800లో నిజాము ఆంగ్లేయులకు అర్పించిన నేలకు 'దత్తమండలము' అను పేరు వచ్చినది. అనగా 'ఇచ్చివేయబడిన సీమ'. 1928లో నంద్యాలసభలో మనము ఆ అవమానపు పేరును తోసివేసి 'రాయలసీమ' యని పిలుచుకొంటిమి. దూరదేశములలో తెలుగువానిని 'మద్రాసీ' యని పిలిచిన దినములను మన తండ్రులు మరువలేదు. 1953 అక్టోబరు 1న మన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడుటకు ఎంత మూల్యము చెల్లించితిమో మరువలేదు. అంతదాక ఎందులకు? ఈ నాటి యాత్రికుల ప్రకటనలలో మన గండికోటను 'భారతదేశపు గ్రాండ్ కానియన్' అని వ్రాయుచున్నారు. పెన్నలోయకు పేరు లేదా? అమెరికా లోయ పోలిక చెప్పినగాని మన లోయ కన్నులకు అందము కాదా? మన యూరి పేరు మనము వదలుకొన్నచో, యుక్రేనులు తమ పేరునకై ప్రాణములొడ్డుటను ఎట్లు గ్రహింతుము?

ఇంతకును ఆ ఉపాధ్యాయునకు నేను చెప్పిన ప్రత్యుత్తరమిది. పుస్తకము ఒక్కటియైనను తీసివేయరాదు. టాల్‌స్టాయిని దండించినచో టాల్‌స్టాయిని దండించిన జారుకును మనకును భేదము లేదు. పుస్తకము నేరము చేయలేదు. దానిని వెలివేయుట పిరికితనము. ఇక ఆ పెద్దమనిషికి నా మాట మరియొకటి. 1971 ఆగస్టు 9న ఒడంబడిక వ్రాసికొని, ఆ ఏటి గడ్డుకాలమున రష్యా మన ప్రక్కన నిలిచినది. విశాఖ ఉక్కు కర్మాగారమునకు చేయూతనిచ్చినది. ఋణమును గౌరవింపుడు. కాని ఋణము తీర్చుటకు పరుని బిడ్డ ప్రాణము పెట్టుట న్యాయము కాదు. మైత్రి సత్యమును చెప్పుటకు అడ్డము రారాదు. మౌనమును మైత్రి యని పిలుచుట మన ఆత్మగౌరవమునకు తగదు.

ఆ దినమున మేము చేసిన పని చిన్నది. పట్టికలో 'రష్యా' యని యున్న ఒకే శీర్షికను విడగొట్టితిమి. రష్యా, యుక్రేను, కిర్గిజు అని వేరువేరుగా వ్రాసితిమి. ఒక బాలుడు దగ్గర నిలిచి, "ఈ కథ వేరే దేశానిదా?" యని ఆశ్చర్యపడెను. ఆ ఆశ్చర్యమే ఆరంభము.

కడపట, అంతకంటె పెద్దపని మనమీద నున్నది. 1960 నాటి గ్రంథాలయచట్టమున ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయసుంకము వసూలు చేయు విధియున్నది. మనము ఆ పైసలను చెల్లించుచునే యున్నాము. ఆ ధనము వచ్చిన ప్రతి పైసయు గ్రంథాలయములకు చేరవలెను. చేరుచున్నదా లేదా యని ప్రతి పంచాయతీలోను మనమే అడుగవలెను. ఆ ధనముతో మన పిల్లలకు మంచి కాగితముపై మంచి బొమ్మలతో మన తెలుగుకథలను, లోకపు కథలను, మనము అచ్చువేసికొనవలెను. ఆంధ్రుల పిల్లలకు పుస్తకము మాస్కోనుండి రాకున్న లేదనుట మనకు తలవంపు. మనము ఎంచి తెచ్చుకొన్న కథయే మనది. ఇతరుడు ఎంచి పంపినదానిని ఆనందముగా చదువుదము; కాని సంపాదించుకొన్నదిగా భ్రమింపకుందుము.

గండికోట విగ్రహములు కరగలేదని టావెర్నియే వ్రాసినాడు. నిజము కావచ్చు, కాకపోవచ్చు. మన పల్లెవారు ఆ కథను ఊరక చెప్పుకొనరు. ప్రజల కథను రాజ్యములు ఎంత మంటలో వేసినను కొంత కరగక మిగులును. ఆ మిగిలినదానిని గుడిలో ఉంచుట, ఫిరంగి పోయువానికి అప్పగింపకుండుట మన పని.